మోజు మారిందా, సరుకు మారిందా?

భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ దసలి (టస్సర్) పట్టుకు అద్దకంతో పనిలేని రంగు ఒకటుంది. తేనెకూ ఎండు గోధుమకూ నడిమి వన్నె. పెళ్ళిలోనో సభలోనో ఆ చీర కట్టుకున్నవాళ్ళను చూసి ‘ఎంత హుందాగా ఉందో’ అనుకుంటాం. ఆ హుందాతనాన్ని ఏ డిజైనరూ కూర్చుని ఎంచలేదు. గోదావరి ఒడ్డు అడవుల్లో నల్లమద్ది, తెల్లమద్ది ఆకు మేసిన పురుగు తన గూడు అల్లేటప్పుడు జిగురుతో పాటు వగరునూ కలుపుతుంది. ఆ గూటికి, అంటే పట్టుకాయకు, బూడిద పసుపు వన్నె వచ్చేది అందువల్లే. మల్బరీ పట్టుకు పట్టినంత సులువుగా ఈ దారానికి రంగు పట్టకపోవడానికీ అదే కారణం. రంగు పట్టని దారంతో నేతగాళ్ళు ఏం చేస్తారు? ఒళ్ళంతా ఉన్న వన్నెలోనే వదిలేసి అంచుకూ కొంగుకూ మాత్రం ముదురు రంగు వేస్తారు. తరాల తర్వాత అదే ఒక ‘స్టైల్’ అయి కూర్చుంది.

సొగసు గురించి రాసేవాళ్ళు మామూలుగా అభిరుచి దగ్గర మొదలుపెడతారు. ఫలానా కాలంలో జనానికి ఫలానాది నచ్చింది, తర్వాత మోజు మారింది అంటారు. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఒక భాగాన్ని, అంటే ఇప్పటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు జిల్లాలను ఒక్కచోట పెట్టుకుని ఇక్కడి రాయి, ఇత్తడి, బట్ట, వెండి చూస్తే నాకు తోచేది వేరు. చాలాసార్లు ముందు మారింది సరుకు. దొరికే రాయి, నడిచే నాణెం, అడవిలో ఆకు, సర్కారు చట్టం మారాయి, వాటి వెనకే మోజు నడిచింది. అన్నిసార్లూ కాదు. ఎక్కడ కాదో కూడా చెబుతాను.

ఈ విషయం మీద ఇప్పటిదాకా వచ్చిన రాతలు మూడు పాయలుగా ఉన్నాయి. ఒకటి శిల్పం మీద రాసినవి. కళ్యాణి చాళుక్యుల నుంచి కాకతీయులు ఏం తీసుకున్నారు, హొయసల శిల్పంతో పోలికలేమిటి అనేవి వాటి ప్రశ్నలు. రెండోది సాంఘిక చరిత్ర. దీనికి సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను మించిన మొదలు ఇప్పటికీ లేదు. కావ్యాల్లో ఏ నగ పేరు, ఏ బట్ట పేరు ఎక్కడ వచ్చిందో ఏరి, జనం కట్టూబొట్టూ ఎలా ఉండేవో కూర్చి చూపించినవాడు ఆయన. సాహిత్య అకాడమీ తెలుగుకు మొదటి పురస్కారం ఇచ్చింది ఆ పుస్తకానికే. మూడోది చేతివృత్తుల మీద సంస్థలు వేసే నివేదికలు. ఎన్ని మగ్గాలు, ఎంత కూలి, ఏ శిక్షణ అనే లెక్కలు వాటిలో ఉంటాయి. ఈ మూడు పాయలూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. శిల్పం పుస్తకంలో నేతగాడు ఉండడు. చేనేత నివేదికలో రామప్ప ఒక ఫొటోగా తప్ప కనపడదు. సురవరం వారిలో ఇద్దరూ ఉన్నా, ఆయనకు ఆధారం ఎక్కువగా పుస్తకమే గాని రాయి కాదు, మగ్గం కాదు.

పాత కాలాన్ని త్వరగా దాటేస్తాను. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టలో 1990 ప్రాంతంలో వెలుగు చూసిన రాతిచిత్రాల్లో జంతువులున్నాయి, ఆయుధాలున్నాయి, గుర్తులున్నాయి. సింగారం గురించి అవి చెప్పేది తక్కువ. గోదావరికి ఎగువన ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల తవ్వకాల్లో శాతవాహనుల నాటి పూసలు దొరికాయి, శంఖు గాజులు దొరికాయి. శంఖు సముద్రం నుంచి రావాలి కాబట్టి ఇంత లోపలి ఊళ్ళో శంఖు గాజు వేసుకున్న చెయ్యి కలిగినింటి చెయ్యే. రాతిపూసల పక్కనే మట్టిపూసలూ దొరకడం చూస్తే, అసలు కొనలేనివాళ్ళు అదే రూపాన్ని చవక సరుకులో చేయించుకునే తెలివి మన కాలపు వన్ గ్రామ్ గోల్డ్‌తో పుట్టలేదని తెలుస్తుంది. సంగారెడ్డి వైపు కొండాపూర్‌లో దొరికిన తెల్లమట్టి బొమ్మల జడలూ కొప్పులూ చూసినవాళ్ళకు ఇంకో సంగతి తడుతుంది. నగకు డబ్బు కావాలి, జుట్టు ముడవడానికి ఓపిక చాలు. ఆ బొమ్మల్లో శిగల రకాలు అన్నన్ని ఉండటానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

అడవి పట్టు ముచ్చట ఇంకా పాతది. హరప్పాలో దొరికిన రాగితీగ నగలో చిక్కుకుని ఉన్న పోగును 2009లో పరిశోధకులు మైక్రోస్కోపు కింద పెట్టి, అది అడవి పట్టు అని తేల్చారు. మన దసలి పురుగుకు దగ్గరి జాతులవి. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన ఆ పోగు నిలవడానికి కారణం పక్కనున్న రాగి. లోహం తుప్పు పడుతూ బట్టను కాపాడింది. బట్ట నిలవదు, నగ నిలుస్తుంది. సొగసు చరిత్ర అంతా ఈ వంకరతో నడుస్తుంది కాబట్టి దీన్ని గుర్తుంచుకుని రామప్పకు పోదాం.

రామప్ప అని పిలిచే పాలంపేట గుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021 జులైలో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గోడలు ఎర్రటి ఇసుకరాయివి. లోపలి స్తంభాలూ బయట చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన మదనికలూ నున్నటి నల్లరాతివి. మదనికలు పన్నెండు, మూడు వాకిళ్ళకూ నాలుగేసి. జనం కళ్ళు అప్పగించేది వీటికే. మెళ్ళో హారం వేరుగా, దాని కింద ఒంటి మీద పడ్డ నీడ వేరుగా కనిపించేటంత లోతుగా తొలిచిన పని అది. కంకణాలు, దండకడియాలు, మొలనూలు వేలాడే కుచ్చులు, కాలి అందెలు, చెవికి భారంగా దిగిన కమ్మలు అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. ఇంత సన్నపు పని ఇసుకరాయి మీద సాగదు. ఆ రాయి రేణువుగా రాలుతుంది, అంచు నిలవదు. నల్లరాయి గట్టిది, రేణువు సన్నది, ఉలికి ఎదురుతిరుగుతుంది గాని ఒకసారి చెక్కిన గీతను ఎనిమిది వందల ఏళ్ళు విడవదు. గోడలకు ఒక రాయి, నగలు పెట్టుకున్న ఒంటికి ఒక రాయి అని విడదీసి ఎంచిన శిల్పికి ఆ తేడా బాగా తెలుసు.

అక్కడినుంచే ఒక పేచీ మొదలవుతుంది. మదనికల ఒంటి మీద నగ నిండుగా ఉంది, బట్ట దాదాపు లేదు. నడుము కింద తొడల మీద కొన్ని గీతలు, మధ్యలో వేలాడే ఒక కుచ్చు, అంతే. ఇది చూసి కాకతీయుల నాటి ఆడవాళ్ళు రవిక ఎరగరని, బట్ట పలచనిదని తీర్మానం చేసినవాళ్ళున్నారు. తొందరపాటు అది. రాతిలో నగను లోతుతో చూపించవచ్చు, బట్టను గీతతో తప్ప చూపించలేం. ఉలి తన చేతనైనదాన్నే పెద్దది చేసి చూపిస్తుంది. పైగా మదనిక ఊళ్ళో మనిషి కాదు, గుడి చూరుకు మంగళంగా నిలబెట్టిన ఊహ.

బట్ట సంగతి తెలియాలంటే గుడి వదిలి జనగామ వైపు పాలకుర్తికి రావాలి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో బట్టల పేర్లు ఏకరువు పెట్టాడు. వెంజావళి, మణిపట్టు, మహాచీని వంటివి ఇంకా చాలా. వాటిలో సగం ఎలా ఉండేవో ఇవాళ ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కాని ఒక శివకవి, ఆడంబరం పట్ల పెద్దగా గౌరవం లేనివాడు, ఇన్ని బట్టల పేర్లు నోటికి తెచ్చుకోగలిగాడంటే అంగడిలో అన్ని రకాలు కళ్ళెదుట ఉండి ఉండాలి. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయం ఇస్తూ శాసనం వేయించాడు. ఆ శతాబ్దం చివర్లో ఈ తీరం గురించి రాసిన మార్కోపోలో సాలెగూడంత సన్నని బట్టల గురించి చెప్పాడు. రాయి నగను కాపాడింది, కావ్యం బట్టను కాపాడింది. రెండూ కలిపి చదవనిదే కాకతీయుల సొగసు మనకు సగమే తెలుస్తుంది.

రామప్పలో గైడ్లు తప్పకుండా చూపించేవి రెండున్నాయి. ఒకటి పాములు చుట్టుకున్న నాగిని. రెండోది ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక. ‘హై హీల్స్ మనవాళ్ళే కనిపెట్టారు సార్’ అనే మాట ఆ రెండో బొమ్మ దగ్గర తప్పదు. ఫొటోలు తీసుకునేవాళ్ళ గుంపు కూడా అక్కడే. పాదం కింద మందమైన అట్ట ఉన్నమాట నిజమే. అది ముల్లూ రాయీ ఉన్న నేల మీద నడిచే ఊళ్ళో పనికొచ్చే చెప్పు అని చెబితే ఫొటోకు అంత గిరాకీ ఉండదు. ఇలాంటిదే కోహినూరు ముచ్చట. ఓరుగల్లు భద్రకాళి కన్ను అది అని ఊరూరా చెబుతారు. వినసొంపుగా ఉంటుంది, ఆధారం మాత్రం చూపరు.

శిల్పం నుంచి సొగసు మళ్ళీ ఒంటి మీదికి దిగిన సందర్భం మన కాలంలోనే ఉంది. గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళపతి) జాయప సేనాని 1253-54లో రాసిన ‘నృత్తరత్నావళి’నీ రామప్ప స్తంభాల మీది నర్తకులనూ పక్కపక్కన పెట్టుకుని నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవాన్ని నిలబెట్టారు. 1985లో శివరాత్రికి ఆ గుడి ముందే ఆడించారు. ఈ రోజు పేరిణి వేషం అని మనం చూస్తున్నది ఇరవయ్యో శతాబ్దంలో రాతిని చూసి కుట్టించిన వేషం. ‘టెంపుల్ జ్యువెలరీ’ అని నగల దుకాణాలు అమ్మేదీ అలాంటిదే. ఇక్కడ నా వాదం నిలవదు, ఒప్పుకోవాలి. సరుకు ఏమీ మారలేదు, బంగారం బంగారమే. మారింది గతం మీద మోజు. ఒక కాలం తన అమ్మమ్మల నగను మోటుదని కరిగించి, తర్వాత గుడి స్తంభం మీది నగను కావాలని చేయించుకుంది.

దేవుడి సింగారం మనిషి సింగారం కంటే నిలకడైన గిరాకీ. జనగామ పక్కన పెంబర్తి దాని మీద బతికింది. హైదరాబాద్-వరంగల్ దారిలో పోయేవాళ్ళకు రోడ్డు మీదికే ఇత్తడి దుకాణాలు కనపడతాయి. పని జరిగేది లోపల ఇళ్ళల్లో. గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపి కాచిన ముద్దను పలక మీద పరిచి, వేడి ఆరకముందే గీత గీసిన ఇత్తడి రేకును దాని మీద అతికిస్తారు. ముద్ద గట్టిపడ్డాక రేకు కదలదు, కాని దెబ్బకు లొంగుతుంది. వెనక వైపు నుంచి మొద్దు ఉలులతో కొట్టి బొమ్మను ఉబ్బిస్తారు. మళ్ళీ కాచి, రేకు ఊడదీసి, తిరగేసి అతికించి, ముందు వైపు నుంచి సన్న ఉలితో కన్ను, కనుబొమ్మ, హారంలో ఒక్కొక్క పూస తేలుస్తారు. ఒక్కో ఉలి కొస ఒక్కో తీరు. పూసకు గుండ్రటిది, జడకు గాట్లున్నది, నేపథ్యం నింపడానికి చుక్కలది. ఈ ఉలులు కొనేవి కావు, పనివాళ్ళు తామే కాచి సాన పెట్టుకునేవి. మూలవిరాట్టుకు కవచం, మకరతోరణం, వాహనానికి తొడుగు, ధ్వజస్తంభానికి తొడుగు, తలుపు రేకులు ఇలా పుట్టినవే. గుళ్ళలో హారతి వెలుగులో మనకు కనిపించే దేవుడి మెడ హారం చాలాచోట్ల రాతిది కాదు, బంగారానిదీ కాదు. ఇలా కొట్టిన రేకుది.

ఆసఫ్‌జాహీల కాలానికి వచ్చేసరికి అదే చేయి పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, వేలాడే పూలకుండీలు కొట్టింది. కొనేవాడు గుడి ధర్మకర్త నుంచి దేవిడీ నవాబు అయ్యాడు, బొమ్మలో దేవుడు పోయి తీగలూ పూలూ వచ్చాయి. ఇప్పుడు గిరాకీ శాలువాతో పాటు ఇచ్చే మెమెంటోది. ఓరుగల్లు తోరణం, చార్మినార్, రామప్ప చిన్నవిగా, చెక్కకు బిగించి. పెంబర్తికి భౌగోళిక గుర్తింపు ఉంది, పేరు పోలేదు. కాని ఒకటి గమనించాలి. మెమెంటో రేకుకు లోతు అక్కర్లేదు, దూరం నుంచి మెరిస్తే చాలు. లోతు కొట్టని చేతికి రెండు తరాల్లో లోతు రాకుండా పోతుంది. కవచం అడిగే గుళ్ళు ఇంకా ఉండబట్టి ఆ ఊళ్ళో ఆ పని నిలిచింది.

కరీంనగర్ వెండితీగ పని కథా ఇలాంటిదే కనుక ఒక్క మాటతో వదిలేస్తాను. ఎలగందులలో మొదలై, జమీందార్ల ఇళ్ళ అత్తరుదాన్ల మీద బతికి, ఇప్పుడు సర్కారు అతిథులకు ఇచ్చే పళ్ళాల మీద నిలబడి ఉంది. చేర్యాల నకాషీ పటాలు మాత్రం కొంచెం ఆగి చూడాల్సినవి. ఒకప్పుడు జనగామ పరిసరాల్లోదే ఆ ఊరు, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. చింతగింజల జిగురుతో గట్టిపరచిన బట్ట మీద, ఎర్రటి నేపథ్యంలో, ఒక్కో కులానికి ఒక్కో పురాణం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, కూనపులివాళ్ళు చెబుతారు. రామప్ప శిల్పి దేవతలకు ఎక్కడా లేని ఒళ్ళిచ్చాడు. నకాషీ దేవతలకు పక్కింటి చీర కట్టించాడు. పటంలో దేవతల కట్టు, ముక్కెర, కడియాలు ఊళ్ళో ఆడవాళ్ళవే. బట్టలు నేసేవాళ్ళ ముందు విప్పే బొమ్మలో బట్ట తప్పుగా ఉంటే చూసేవాళ్ళు ఊరుకోరు కదా.

ఊళ్ళో ఆడవాళ్ళు అన్నాను గనుక, వాళ్ళ నగల పేర్లు కూడా చెప్పుకోవాలి. కంటె, నాను, గుండ్ల పేరు, పట్టెడ, గంటీలు, చెంపసరాలు, దండకడియం, వడ్డాణం, కాళ్ళకు వెండి కడియాలు, వేళ్ళకు మట్టెలు. ఏమీ పెట్టుకోలేనివాళ్ళకు పచ్చబొట్టు. మోచేతి కింద పచ్చబొట్టు వరసలు కడియాల చోటున ఉండటం చూసే ఉంటారు. పచ్చబొట్టును ఎవరూ తాకట్టు పెట్టుకోరు, ఎత్తుకుపోరు.

తాకట్టు అనే మాట దగ్గర మహబూబాబాద్ తండాల్లోకి వెళ్ళాలి. లంబాడీల వేషం మీద ఇప్పటిదాకా వచ్చిన రాతల్లో రంగులు, అద్దాలు అనే మాటలు ఎక్కువ, తూకం అనే మాట తక్కువ. పేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (ఓణీ) కుట్టుపని కళ్ళను కట్టిపడేసే మాట నిజమే. కాని చెంపల పక్కన వేలాడే ఘుగ్రి, టోప్లి, మెడలో హాస్లి, రొమ్ము మీద వరసలు కట్టిన రూపాయి నాణేలు చూస్తే అది ఒక కుటుంబం పొదుపు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దేశం తిరిగినవాళ్ళకు పాతిపెట్టుకోవడానికి నేల లేదు, దాచడానికి పెట్టె లేదు. సొమ్ము ఒంటి మీద ఉండాలి, నడవడానికి అడ్డం రాకూడదు. వెండి రూపాయి ఆ పనికి సరిగ్గా కుదిరింది. చెవి పెట్టి దారానికి గుచ్చితే నగ, చెవి ఊడగొడితే డబ్బు. నిజాం హాలి సిక్కా 1959 దాకా చెల్లింది. అది పోయి, చేతికొచ్చే నాణెంలో వెండి లేకుండా పోయాక కొత్త హారం కట్టుకునే దారి మూసుకుపోయింది. ఉన్నవి పాతవి. పెళ్ళి ఖర్చుకో పంట నష్టానికో ఒకటొకటిగా కరిగాయి.

చేతికి మోచేతి పైదాకా తొడిగే తెల్లటి బలియాల సంగతీ అంతే. దంతం, ఎముక, కొమ్ము ఒకప్పటి సరుకు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం, ఆ తర్వాతి సవరణలు దంతం వ్యాపారాన్ని మూసేశాయి. 1989లో దేశాల మధ్య దంతం వ్యాపారం మీద నిషేధం వచ్చింది. ఏనుగులకు మంచిదే. తండాలో మాత్రం బలియా ప్లాస్టిక్ అయింది. రూపం మారలేదు, తెలుపు మారలేదు, చేతి నిండా ఉండే పద్ధతీ మారలేదు. సరుకు మొత్తం మారినా మోజు మొండిగా నిలబడ్డ చోటు ఇది. పైన చేసిన వాదానికి ఇది రెండో ఎదురు. తర్వాతి తరం ఆడపిల్లలు చదువులకు పోయి చుడీదార్లకు మారాక ప్లాస్టిక్ బలియా కూడా తీజ్ పండుగకు, పెళ్ళికి మిగిలింది. పాత కాంచళి ముక్కలు మాత్రం దళారుల చేతుల మీదుగా నగరాల బొటిక్‌లకు చేరి బంజారా బ్యాగులయ్యాయి. కుట్టినామె ఒంటి మీద ఆ ముక్క నామోషీగా కనిపించిన రోజుల్లోనే, కొన్నామె భుజం మీద ఫ్యాషన్ అయింది. దీని మీద కోపం తెచ్చుకోవడం సులువు. అయితే ఎండలో మిర్చి ఏరేటప్పుడు అన్ని సేర్ల బరువు మోయమని ఎవరం చెప్పగలం?

సర్కారు కలగజేసుకుంటే సొగసు ఎలా తిరుగుతుందో బంగారం చెబుతుంది. 1963లో మొరార్జీ దేశాయ్ తెచ్చిన నిబంధనలు 14 క్యారెట్లకు మించిన నగ చేయొద్దన్నాయి. 1968లో చట్టం వచ్చింది, 1990లో ఎత్తేశారు. 14 క్యారెట్ల బంగారం గట్టిది, మన కంసాలి చేతికి అలవాటైన మెత్తటి బంగారంలా సాగదు. పల్చటి రేకు కొట్టి బోలు గుండ్లు చేసే పనికి అది పనికిరాదు. దేశమంతటా స్వర్ణకారులు కొలిమి ఆర్పుకుని వేరే పనులు చూసుకున్నారు. మచిలీపట్నం చిలకలపూడి గిల్టు నగల పేరు ఊళ్ళలోకి ఎక్కడం, తర్వాత రోల్డ్ గోల్డ్, వన్ గ్రామ్ గోల్డ్ రావడం ఈ నేపథ్యంలో చూడాలి. అటు కొసన నిజాం నగలు ఉన్నాయి. 1995లో భారత ప్రభుత్వం 173 వస్తువులను 218 కోట్లకు కొంది. వాటిలో 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాల మీద బరువుకు పెట్టుకున్నాడని చెప్పుకుంటారు. అవి బ్యాంకు లాకర్లలో ఉన్నాయి, ఎప్పుడో ఒకసారి ప్రదర్శనకు వస్తాయి. ఎవరూ పెట్టుకోని నగ సొగసు చరిత్రలో ఏ అధ్యాయం కిందికి వస్తుందో నాకు తేలలేదు.

ఇక మళ్ళీ మహదేవపూర్. కాళేశ్వరం ఈ మండలంలోదే. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఇవాళ ఈ పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది బ్యారేజీ. పట్టు గుర్తుకొచ్చేవాళ్ళు తక్కువ. ఇటు మహదేవపూర్, నది దాటితే చెన్నూరు, ఆ పైన ఆసిఫాబాద్ అడవుల దాకా దసలి పురుగును పెంచే ఊళ్ళున్నాయి. పెంచడం అంటే ఇంట్లో చాపల మీద కాదు, చెట్టు మీదే. పురుగు వదిలిన దగ్గర నుంచి కాయ కట్టేదాకా చీమలు, కందిరీగలు, పిట్టలు రాకుండా మనిషి కాపలా ఉండాలి. ఒక మబ్బు పట్టిన వారం పంట మొత్తాన్ని తీసుకుపోగలదు. ఈ అడవిదే అయిన ఒక రకం పురుగు ఉంది, పట్టు శాఖవాళ్ళు దాన్ని ఆంధ్రా లోకల్ అంటారు. చిన్న కాయ, బిగుతైన కాయ, దారం సన్నం, తీసేటప్పుడు తెగడం తక్కువ. పెద్ద కాయ కట్టే డాబా రకం వచ్చాక రైతులు అటు మళ్ళారు. ఆంధ్రా లోకల్ తగ్గుతూ వచ్చింది. చీర కొనేవాళ్ళకు ఈ రెండు పేర్లలో ఏదీ తెలియదు. కాని చెయ్యి పెట్టి ‘మెత్తగా ఉంది’, ‘గరుకుగా ఉంది’ అని వాళ్ళు చెప్పే తీర్పు అక్కడే మొదలైంది.

కాయ తొడిమతో సహా కొమ్మకు వేలాడుతుంది, గోటితో నొక్కితే లొంగదు. సోడా నీళ్ళలో ఉడికిస్తే గాని మెత్తబడదు. ఆ తర్వాత ఐదారు కాయల పోగులు కలిపి తీయాలి. తరతరాలుగా ఈ పని ఆడవాళ్ళు తొడ మీద చేశారు. నేల మీద కూర్చుని, చీర పైకి జరుపుకుని, ఎడమ చేత్తో పోగులు లాగుతూ కుడి అరచేత్తో తొడ మీద రుద్దుతూ పురి ఎక్కిస్తారు. రోజంతా చేస్తే చర్మం ఒరిసిపోతుంది, నడుము పట్టేస్తుంది. ఇంట్లోకి ఎవరైనా వస్తే చీర సర్దుకుని లేవాలి. మదనిక తొడ మీద ఉలి గీసిన బట్ట గీతల గురించి ఇన్ని పుస్తకాలు వచ్చాయి. ఈ తొడ మీద పుట్టిన దారం గురించి ఏ కళా విమర్శకుడూ రాయలేదు. కేంద్ర పట్టు మండలి ‘బునియాద్’ అనే యంత్రాన్ని తెచ్చి, 2019లో పంచి, తొడ మీద దారం తీయడాన్ని దేశమంతటా మాన్పిస్తామంది. మంచి పని. దారం సమంగా వస్తుంది, కూలి పెరుగుతుంది. అయితే ఆ చేతిదారంలోని ఎగుడుదిగుడునే దసలి అందంగా నేర్చుకున్న నగరపు కన్ను, యంత్రం దారాన్ని చూసి ‘ఇది ఒరిజినలేనా’ అని అడగడం మొదలెట్టవచ్చు. అలా అడిగేవాళ్ళ కోసం ఎవరి తొడలూ ఒరుసుకుపోనక్కర్లేదు.

రంగు చిక్కును మొదట విప్పినవాడు ఇంగ్లండ్ లీక్ పట్టణపు అద్దకందారు థామస్ వార్డిల్. మన దేశపు అడవి పట్టుకు రంగులు పట్టించే పద్ధతులు కనిపెట్టి, 1878 పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. విలియం మోరిస్ అద్దకం నేర్చుకున్నది కూడా ఈయన దగ్గరే. ఆ తర్వాత ఐరోపాలో టస్సర్‌కు కొంత కాలం గిరాకీ నడిచింది. రంగు పట్టడం వచ్చాక కూడా మహదేవపూర్ చీర సొంత వన్నెను వదిలేయలేదు. అప్పటికి అది అలవాటై, అలవాటు ముదిరి అభిరుచి అయిపోయింది. ఇప్పుడు రంగుల దసలి చీరలూ వస్తున్నాయి, వాటి మీద కలంకారీ బొమ్మలూ వేస్తున్నారు. బాగున్నవి ఉన్నాయి, దసలి మెరుపు మీద కలంకారీ గీత కనపడక రెండూ చెడ్డవీ ఉన్నాయి.

ఈ ప్రాంతంలో ఎక్కువమంది ఆడవాళ్ళు కట్టిన చీర మాత్రం ఇదేదీ కాదు. 2017 నుంచి కొన్నేళ్ళు తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మకు పంచిన, ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్ చీర అది. ఏటా కోటి దాకా పంచారు. ఇంత పెద్ద ఎత్తున ఒకే ఏడు ఒకే రకం బట్ట ఇంటింటికీ చేరడం కాకతీయులకూ నిజాములకూ చేతకాలేదు. నచ్చక విసిరేసినవాళ్ళూ ఉన్నారు, ఆ ఏడు ఒంటి మీదికి కొత్త చీర అదొక్కటే అయినవాళ్ళూ ఉన్నారు. సిరిసిల్ల మగ్గాలకు పని దొరికింది. ఫ్యాషన్ చరిత్ర రాసేవాళ్ళు దీన్ని పక్కన పెట్టేస్తారు, అందంగా లేదని. అందంగా లేనిదాన్ని పక్కన పెడితే జనం ఏం కట్టారో మనకు మిగలదు. మన శిల్పం పుస్తకాలు చేసిన పొరపాటు అదే.

దసలి పేరుతో ఇప్పుడు దుకాణాల్లో అమ్మేదాంట్లో దసలి ఎంత అనేది వేరే కథ. పాలిస్టర్‌నూ విస్కోస్‌నూ ఆ వన్నెకు అద్ది, ఆ ఎగుడుదిగుడు కూడా యంత్రంతో పుట్టించి ‘టస్సర్’ అని చీటీ పెడుతున్నారు. అసలు పట్టుకు 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. అవి లేనప్పుడు కొంగు చివరి పోగు ఒకటి లాగి కాల్చి చూసే పాత పద్ధతి పనికొస్తుంది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి చిన్న గట్టి ఉండ కడుతుంది. విస్కోస్ కాగితం కాలిన వాసన వేస్తుంది. మల్బరీకీ దసలికీ తేడా ఈ పరీక్షకు చిక్కదు. దానికి చీరను వెలుతురుకు అడ్డంగా పట్టుకోవాలి. దసలి పోగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి బట్ట తిప్పినకొద్దీ మెరుపు ఒక చోట తగ్గి ఇంకో చోట లేస్తుంది. మహదేవపూర్‌లో తీసిన దారమా, బయటి రాష్ట్రం నుంచి వచ్చిన దారమా అన్నది మాత్రం ఏ ముద్రా చెప్పదు. నేసినవాళ్ళనే అడగాలి.